అడగడానికి అడ్డు లేదు

ట్రెస్సా ఇస్త్రీ పెట్టెను చొక్కా కాలరు మీద ఆనించిందో లేదో, హాల్లోంచి భర్త హార్లన్ కేక వినబడింది. "రేపటి పాఠానికి నాలుగు ముక్కలు రాసిపెట్టు. లౌకిక మానవతావాదం. అది ఎందుకు అబద్ధ బోధో చెప్తే చాలు. మరీ లోతుకు పోకు."

నాలుగు ముక్కలట. చర్చిలో పెద్దవాళ్ళ ఆదివారం తరగతికి బోధించేది హార్లనే. ఆ బోధ పుట్టేది మాత్రం ఈ ఇస్త్రీ బల్ల దగ్గర, బంగాళాదుంప తొక్కల మధ్య. తరగతి అయ్యాక మగవాళ్ళు అతని భుజం తట్టి "ఎంత చదువయ్యా నీది" అంటుంటే ఆమె కాఫీ కప్పులు పోగుచేస్తూ ఉంటుంది. "కాలేజీ చదువు మొగుడికి పనికొస్తోంది, ఇంకేం కావాలి అమ్మాయ్" అంటుంది అత్తగారు ఆల్డా.

అయితే ఈ పాఠం మీద ట్రెస్సాకు పాత పంతం ఉంది. దేవుడు అక్కర్లేదు, మంచీ చెడూ మనిషే తేల్చుకోగలడని కాలేజీలో ఒక ప్రొఫెసరు ఎంతో మర్యాదగా చెప్పేవాడు. అప్పుడామెకు జవాబు దొరకలేదు. ఇప్పుడు మిషిగన్ మంచు కిటికీకి కొడుతుంటే, కాలరు ముడత విడిపోతుంటే, దొరికింది. మనిషే తేలుస్తాడు సరే, ఏ మనిషి? అందరూ కలిసి అంటారు. అందరూ కూర్చున్న చోట గొంతు పెద్దదున్నవాడే తేలుస్తాడు. పైన ఎవరూ లేకపోతే కిందివాళ్ళ మొర ఎక్కడికి పోతుంది? మనిషి విలువ మనుషులిచ్చిందే అయితే, అదే మనుషులు రేపు గుంజుకోగలరు. దేవుడి పోలికలో పుట్టిన ప్రాణం విలువ ఎవరి దయా కాదు. మనిషే అన్నిటికీ కొలబద్ద అనేదే కదా ఆ బోధ అనుకుని, ఆ మాటను పైకి అంది. వాళ్ళ ఇంగ్లీషులో మనిషికీ మగవాడికీ ఒక్కటే మాట, మ్యాన్.

చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. ఈ ఇంట్లో చలి ఎంతుందో హార్లన్ చెప్పాలి. మాంసం ఉడికిందో లేదో హార్లన్ చెప్పాలి. ఆమె అలసిపోయిందో లేదో కూడా, "పొద్దుటి నుంచీ ఇంట్లోనేగా ఉన్నావు" అని అతనే తేలుస్తాడు. భోజనానికి ముందు తల వంచి దేవుడికి స్తోత్రం చెప్పే ఇంట్లో, దేవుడి కుర్చీలోకి మనిషి ఎప్పుడో ఎక్కేశాడు. వీధిలో ఉందని తిడుతున్న అబద్ధ బోధ లోపలికొచ్చి, మన బల్ల దగ్గరే కూర్చుని ఉప్పు తక్కువైందంటోంది. ఆమెకు నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్పకపోతే ఆగలేననిపించింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. హార్లన్ నములుతూ విన్నాడు.

"మొదటి సగం అదిరింది. అది చెప్తాను."

"రెండో సగం?"

"అది వేదాంతం కాదు, వంటింటి గొడవ. ఆ బంగాళాదుంపలు ఇటివ్వు."

"నీకూ పైన ఒకడున్నాడని బైబిలు వాక్యమే చెప్తోంది కదా హార్లన్."

"ఉన్నాడు. ఆయనతో నేను మాట్లాడుకుంటాలే."

ఆల్డా తల ఎత్తకుండా బంగాళాదుంపల గిన్నె కొడుకు వైపు జరిపింది. ట్రెస్సాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఒంట్లో ఉన్నది కోపం కాదు, పండగ ముందు పిల్లలకుండే తొందర. తనకు దొరికిన మాట తన నోటితో ఒక్కసారైనా అనాలి.

ఆదివారం తరగతిలో హార్లన్ మొదటి సగం బాగా చెప్పాడు. తలలు ఊగాయి. అప్పుడు పాలవ్యాపారం చేసే డిర్క్ చెయ్యెత్తాడు.

"మా పక్కింటాయన చర్చి గడప తొక్కడు. పెళ్ళాం కాన్పుకు గిన్నెలన్నీ ఆయనే కడిగాడు. మా ఆవిడ కాన్పుకు నేను పశువుల సంతలో ఉన్నాను. మరి ఆయన బోధలో తప్పేంటంటావు?"

"సంతలో దూడకు ధర బాగా పలికిందిలే" అన్నారెవరో. అందరూ నవ్వారు. హార్లన్ నవ్వలేదు. ఉప్పు అందించమన్నట్టు ట్రెస్సా వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది.

"అమ్మా," అన్నాడు సంఘపెద్ద గెరిట్, ముందు వరుసలోంచి తిరిగి. "ఆడవాళ్ళు మగవాళ్ళకు బోధించడం మన సంఘంలో లేదు."

"బోధించను గెరిట్ గారూ. అడగొచ్చా?"

ఆయన తల ఊపాడు. "అడగడానికి అడ్డు లేదు."

"అయితే అడుగుతాను. డిర్క్, ఆయన గిన్నెలు కడగడం మంచిదే. అది మంచిదని ఆయనకు ఎవరు చెప్పారు? తనకు తానే పెట్టుకున్న నియమమైతే, రేపు విసుగొచ్చి తీసేస్తే, ఆ ఇల్లాలు ఇది తప్పని ఎవరి దగ్గర చెప్పుకోవాలి?"

"అదీ నిజమే" అన్నాడు డిర్క్.

హార్లన్ ముఖం విప్పారింది. "నేను చెప్పబోయింది అదే."

"ఇంకొకటుంది," అంది ట్రెస్సా. "పైన దేవుడున్నాడని పాడే ఇంట్లోనూ మ్యానే కొలబద్ద అయితే, ఆ ఇల్లాలు ఎవరి దగ్గర చెప్పుకోవాలి? వాళ్ళ బోధ అబద్ధమైతే, మనం ఇంట్లో నడుపుతున్నది ఏ బోధ?"

మ్యాన్ అంటే మనిషనుకోవాలో మగవాడనుకోవాలో గెరిట్‌కు తోచలేదు. ఆడవాళ్ళ వరుసకు వెంటనే తోచింది.

"ట్రెస్సా, కూర్చో," అన్నాడు హార్లన్ మెల్లగా.

ఆమె కూర్చోలేదు. వెనక కుర్చీ కిర్రుమంది. ఆల్డా తన ముందున్న కుర్చీని పట్టుకుని లేస్తోంది.

"దాన్ని కూర్చోబెట్టకురా. జవాబు రానీ. దాని తర్వాత నేనూ ఒకటి అడగాలి."