పీపాలో నవ్వు

నల్లాలో ఇంకా నీళ్లు రాలేదు. వరండా చివరన నీలం రంగు పీపాను గోడకు ఆనించి, శంకర్రావు తలను దానిలోకి దించాడు. గొంతు సవరించుకుని నవ్వాడు. మొదట కోడి బెదిరినట్టు, ఆపైన గిలక మీద తాడు జారినట్టు, చివరన ఒక తుమ్ము. తుమ్ము దగ్గర దగ్గు అడ్డం పడింది. పీపా అంచు పట్టుకుని, అది తగ్గేదాకా అలాగే వంగి ఉన్నాడు.

"ఏం శంకరన్నా, పొద్దుగాల్నే షురూ చేసినవా?" పక్క ఖోలీలో ఉండే చంద్రమ్మ బిందెతో వచ్చింది. "తలకాయ తియ్యి, నీళ్లొచ్చే యాళ్లయింది. రోజూ సగం పీపాతోనే ఎల్లదీస్తవు."

"ఇయ్యాలతో అయిపోతది చంద్రమ్మా. ఆఖరి కత."

పిల్లల కార్టూన్‌లో పక్కింటి గిలక మామకు తెలుగు గొంతు శంకర్రావుది. వానలో గొడుగు పట్టుకుని మొక్కలకు నీళ్లు పోసే మనిషి గిలక మామ; పిల్లికి జడ వేయబోయి గీరించుకునే మనిషి. పాలమూరు నుంచి ముంబైకి మట్టి పనికి వచ్చినవాడి కొడుకు శంకర్రావు. ప్రెస్సులో కాగితాలు కట్టలు కట్టేవాడు. గణపతి పందిట్లో అతని నాటకం చూసి ఎవరో స్టూడియోకు తీసుకుపోయారు. కామాటిపురా పిల్లలు ఆ కార్టూన్‌ను హిందీలో చూస్తారు. అతని నవ్వు ఎక్కడో తెలుగు ఊళ్లలో వినిపిస్తుంది. ఇక్కడ దాన్ని విన్నది పీపా, గోడ అవతల చంద్రమ్మ.

ఈ మధ్య ఆ నవ్వు పూర్తిగా రావడం లేదు. పోయినసారి పాత నవ్వును తెచ్చి అతికించారు. ఈ ఆఖరిదైనా తానే నవ్వాలని అతని ఆశ.

లవంగం బుగ్గన పెట్టుకుని గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు ఎక్కాడు. స్టూడియో దాకా నిలబడే వెళ్లాడు.

తెర మీద గిలక మామ ఇంటికి తాళం వేశాడు. పిల్లిని సంకన పెట్టుకుని, గల్లీ మలుపులో వెనక్కి తిరిగాడు. శంకర్రావు నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. ఈసారి దగ్గు వచ్చింది.

"చాలు అంకుల్," అంది రికార్డింగ్ చూసే నీత, అద్దం అవతల నుంచి. "పాత నవ్వు ఉంది కదా, అదే వేస్తా. పిల్లలకు తెలీదు."

"నాకు తెలుస్తది గద, బేటీ."

నీత తలుపు వైపు చూసింది. తర్వాతివాళ్లు తలుపు బయట ఎదురుచూస్తున్నారు. శంకర్రావు చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి, ఎప్పటిలాగే రుమాలుతో తుడిచి, కొక్కేనికి తగిలించాడు.

సాయంత్రం మెట్ల మీద కూర్చుంటూ, లేస్తూ ఇల్లు చేరాడు. చంద్రమ్మ గడపలో ఎల్లిపాయలు ఒలుస్తోంది.

"ఏమైండు మీ మామ?"

"ఇల్లు ఇడిచి పోయిండు."

"యాడికి?"

"చెప్పలే. మలుపుల తిరిగి నవ్విండు, గంతే."

"నువ్వు నవ్వినవా?"

శంకర్రావు తల అడ్డంగా ఊపాడు. "పాతది అతికిచ్చిన్రు."

చంద్రమ్మ చాట పక్కన పెట్టింది. "గిప్పుడు నవ్వు మరి. ఇన్నేండ్ల సంది పీపాల తలకాయ పెట్టి నవ్వుడే గాని, నా మొకం చూసి ఒక్కసారన్న నవ్వినవా?"

అతను తన గడపలో కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది నవ్వు, చిన్నగా. కోడి బెదిరింది, తాడు జారింది, తుమ్ము దాని చోట అది పడింది. దగ్గు రాలేదు. చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"పాగల్ మనిషివి," అంది.

మర్నాడు చంద్రమ్మ నీళ్ల చప్పుడుకు లేచింది. మిగతా రోజుల్లో శంకర్రావు నవ్వుకే లేచేది. బిందె పట్టుకుని పరుగెత్తబోయి, ఓరగా ఉన్న పక్క తలుపు దగ్గర ఆగింది. శంకర్రావు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, మడత పెట్టిన రుమాలు చెంప కింద. రెండుసార్లు పిలిచింది. తర్వాత బిందె కింద పెట్టి, లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నానికి అతన్ని మెట్లు దించి తీసుకుపోయారు. రాత్రే కడిగి, మూత తీసి, పొద్దుటికి సిద్ధం చేసుకున్న పీపా వరండా చివరన ఖాళీగానే ఉంది, ఎవరో దాన్ని నల్లా కిందికి జరిపారు. నీళ్లు కట్టేసిన నల్లా నుంచి చుక్కలు ఒక్కొక్కటే దాని అడుగున పడి మోగుతున్నాయి.