అలకీ అలకీ మధ్య

"కాళ్ళు లాగట్లేదూ, నువ్వు కూడా కూర్చో" అంటారు మా ఆయన రోజూ, తన కంచం నిండాక. నేను కుర్చీ లాక్కుంటానో లేదో, "కాస్త మంచినీళ్ళు" అంటారు. "ఎలాగూ లేచావు కదా, ఉప్పు కూడా అందుకో" అంటారు అత్తగారు. పగలంతా బట్టల దుకాణంలో కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం నాది. మేం కూర్చుంటే కొనడానికి వచ్చేవాళ్ళకి మర్యాదగా ఉండదని మా యజమాని సెలవిచ్చాడు, తిరిగే కుర్చీలో కూర్చుని. నిలబడే విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని మొన్న ఆదివారం సముద్రం దగ్గర తేలింది.

రెండు రోజులు విరుచుకుపడిన సముద్రానికి ఆ మధ్యాహ్నం కోపం చల్లారుతోంది. అలలు చిన్నవై, ఆగి ఆగి వస్తున్నాయి. నీళ్ళ మీద తేలే పొడుగాటి బోర్డులు అద్దెకిచ్చే అమ్మాయి, ఎండకి ముక్కు మీద తోలు ఊడిన పిల్ల, బోర్డు మీద నిలబడి తెడ్డు ఎలా వేయాలో చూపించింది. మా ఆయన ఎక్కారు. పడ్డారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ పడ్డారు. ఆఖరికి "ఈ బోర్డు వంకర" అని తేల్చి ఒడ్డుకొచ్చేశారు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ మింగేశాను.

"అద్దె టైము ఇంకా ఉంది కదా, నేనెక్కుతాను" అన్నాను.

"నీకెందుకే ఈ వయసులో" అన్నారు అత్తగారు. "సరే, తొందరగా వచ్చెయ్. అన్నాల వేళయింది."

ఎక్కాను. బస్సులో పట్టుకోవడానికి ఏమీ దొరక్క, రెండు చేతుల్లో రెండు సంచులతో రోజూ మలుపులన్నీ కాచుకునే మోకాళ్ళు ఇవి. బోర్డు ఎటు ఒరిగితే అటు వాటంతటవే సర్దుకున్నాయి.

"ముందే నేర్చుకున్నారా అక్కా?" పక్క బోర్డు మీంచి అడిగింది ఆ అమ్మాయి.

"పెళ్ళైనప్పటి నుంచీ" అన్నాను.

వెనక నుంచి ఒక అల వచ్చి బోర్డుని ఎత్తింది. తెడ్డు వేయడం మరిచిపోయాను. నేను తొయ్యకుండానే, ఎవరినీ బతిమాలకుండానే ముందుకి వెళ్ళిపోతున్నాను. ఇంట్లో నేను మోయనిది లేదు, నన్ను మోసినవాళ్ళూ లేరు. నవ్వొచ్చింది. కౌంటరు దగ్గర నవ్వే నవ్వు కాదు, నోట్లోకి ఉప్పునీళ్ళు పోతున్నా ఆగని నవ్వు. అల అయిపోయాక కూడా నవ్వుతూనే మళ్ళీ లోపలికి తెడ్డేసుకుంటూ వెళ్ళాను.

తరవాతి అల కోసం అలాగే నిలబడి చూస్తున్నాను. "కూర్చోండక్కా. సముద్రం తగ్గేటప్పుడు ఒక్కో అలకీ చాలాసేపు ఆగాలి" అంది ఆ అమ్మాయి.

"కూర్చోవచ్చా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "మీ ఇష్టం."

కాళ్ళు చెరోపక్కా నీళ్ళలోకి వదిలి కూర్చున్నాను. ఏదో మరిచిపోయానన్న బెంగ కాసేపు పొడిచింది. పొయ్యి కట్టేశానా, తలుపు వేశానా అని మనసు ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చింది. మరిచిపోయిందేమీ లేదు. చుట్టూ ఇన్ని నీళ్ళున్నాయి గానీ అందులో ఒక్క గ్లాసైనా ఎవరికీ అందించక్కర్లేదు. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఎవరైనా చూస్తే బాగుండదేమో అనిపించింది. చూస్తే చూడనీ అని కూడా అనిపించింది.

మా ఆయన మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి కేకేశారు. "ఇంక రా. అమ్మకి ఆకలేస్తోందట."

"సంచిలో అన్నీ ఉన్నాయి. పెట్టుకుని తినండి."

"ఏది ఎక్కడుందో మాకేం తెలుసు?"

"సంచిలోనే."

నా కాళ్ళు అలవాటుకొద్దీ లేవబోయాయి. లేవనివ్వలేదు. దూరంగా నీళ్ళు నెమ్మదిగా ఉబ్బుతున్నాయి. మా ఆయన ఒడ్డుకి రెండడుగులు వేసి, ఏదో తట్టినట్టు వెనక్కి తిరిగారు.

"మరి నువ్వెప్పుడు తింటావు?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అడగలేదు. అడిగి ఉన్నా, "అందరూ తిన్నాక" అనేదాన్ని.

"నాకు ఆకలేసినప్పుడు" అన్నాను.