వేడినీళ్లలో వేసిన దుప్పటి

కాన్పు వార్డు నుంచి వచ్చిన మూట విప్పగానే పెద్దక్క చేతులు ఆగిపోయాయి. అడుగున నెత్తుటితో బరువెక్కిన దుప్పటి. తన కోడలి కింద పరిచినది. మొన్నటిదాకా ఈ ఆసుపత్రి ఉతుకుడు షెడ్డులోనే, పక్క తొట్టి దగ్గర, నిండు కడుపుతో దుప్పట్లు పిండిన పిల్ల. బిడ్డ పుట్టింది, ఏడ్చింది. తర్వాత తల్లికి నెత్తురు ఆగలేదు. ఆపే సూదిమందు లేదు, ఎక్కించడానికి రక్తం లేదు. తెల్లారేసరికి కోడలూ లేదు.

పెద్ద డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏం చేస్తామమ్మా. నూటికో కోటికో ఒకరికి ఇలా అవుతుంది. తలరాత."

ఆయన వెళ్లాక పక్కన ఉతుకుతున్న పొట్టిది మూతి తిప్పింది. "కోటికొకరట. మన ఊళ్లో ఎన్ని కోట్లమంది కంటున్నారో."

"ఇలాంటి దుప్పటి రాని వారముందా?" అంది ముసలమ్మ. "కొందరు బతుకుతారు, కొందరు పోతారు. అందరివీ మనమే తెల్లగా ఉతికి ఇస్తాం. ఇక ఆయనకేం కనిపిస్తుంది?"

ఆ మాట పెద్దక్కకు ముల్లులా దిగింది. కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ మొదట నేర్పేది, నెత్తుటి బట్టను చన్నీళ్లలోనే నానెయ్యమని. వేడినీళ్లు తగిలితే మరక చచ్చినా పోదు. ఆ పొరపాటుకే మొదటిరోజు కోడలికి చీవాట్లు పెట్టింది.

దుప్పటి ఎత్తి మరుగుతున్న బాయిలర్లో పడేసింది.

"అక్కా, మతిపోయిందా? పని ఊడుతుంది. పొయ్యి ఆరిపోతుంది," అంది పొట్టిది.

"నీ పెద్దకూతురికి నెలలు నిండాయి కదే. నొప్పులొస్తే ఎక్కడికి తీసుకొస్తావ్?"

పొట్టిది తన మూట విప్పి బాయిలర్ వైపు నడిచింది. వెనక మిగతావాళ్లు.

మధ్యాహ్నానికి ప్రహరీ పొడుగునా, రోడ్డువైపు, మరకల దుప్పట్లు వేలాడాయి. బస్సులు ఆగాయి. మిల్లు కూలీలొచ్చారు. "మా అక్క ఇలాగే పోయింది." "మా ఆవిడ చావు తప్పి బయటపడింది." ఇంటింటా విడివిడిగా దాచుకున్న ఏడుపు గేటు ముందు ఒక్కటయింది. సూదిమందు తెప్పించాలి, రక్తం నిల్వ పెట్టాలి, అప్పటిదాకా గేటు దగ్గర్నుంచి కదలం అన్నారు.

ఉతుకుడు కాంట్రాక్టరు పోలీసుల్ని తెచ్చాడు. "ఆసుపత్రి ఆస్తి నాశనం చేసింది సార్, ఇదే."

"దుప్పటి ఆస్తే," అంది పెద్దక్క. "మా పిల్ల ఎవరి ఆస్తీ కాదు. అందుకే దాని చావు మీద కేసు లేదు."

ఆమెను వ్యానెక్కించారు. దుప్పట్లు పీకి పోగేశారు. వ్యాను కదులుతుంటే జాలీలోంచి చూసింది. గోడ బోసిపోయి ఉంది. అంతలో షెడ్డు తలుపు తెరుచుకుంది. ముందు పొట్టిది, వెనక సాయంత్రం పాళీ ఆడవాళ్లు. ఆవిర్లు కక్కుతున్న ఇంకొన్ని మరకల దుప్పట్లు భుజాన వేసుకుని గోడ వైపే వస్తున్నారు.