పూర్తి వాపసు

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లకు కొదవ లేదు గానీ, కొన్న సరుక్కి పది రోజుల తర్వాత కూడా బేరమాడే మొనగాడు మాత్రం కేశవ ఒక్కడే. నేతగాడు మగ్గం దగ్గర నడుము విరుచుకుని నేసిన చీర తెచ్చి ఇస్తే నవ్వుతూ తీసుకుంటాడు. టీ కూడా తెప్పిస్తాడు. దుడ్లకు మాత్రం పై వారం రమ్మంటాడు. ఆ పై వారానికి బజారులో రేటు పెరిగితే ఆ సంగతి ఆయన చెవిన పడదు. తగ్గిందా, చీర తీసి గడప మీద పెట్టేస్తాడు.

“నీ సరుకు నువ్వు తీసకపో. నాకొద్దు.”

అంతే, ఇంకో మాట ఉండదు. ఒక అంగడి వాపసిచ్చిన చీరను ఇంకో అంగడివాడు ముట్టడు. అందులో ఏదో లోపముందనే లెక్క. నేతగాడు దాన్ని చంకన పెట్టుకుని బజారంతా తిరిగి, పొద్దుగూకేసరికి మళ్లీ ఈ గడపకే వస్తాడు. అప్పుడు కేశవ చెప్పిందే రేటు.

ఆయన భార్య త్రివేణి వెనక కూర్చుని చీరలు మడత పెడుతుంటుంది. ఓబిలేష్ అనే నేతగాడు ఇట్లా సాయంత్రం తిరిగొచ్చినప్పుడల్లా కేశవ మొహం చూడలేక ఆమె వైపు చూసేవాడు. ఆమె తలెత్తకుండానే, “ఇచ్చెయ్ లే ఓబిలేషూ, ఆయప్ప వదలడు,” అనేది. అది జాలి అనే అనుకునేది. ఆ ఒక్క మాటతో ఓబిలేష్ గుండెలో మిగిలిన కాస్త పట్టు కూడా సడలిపోతుందని ఆమెకెన్నడూ తట్టలేదు. తన మెళ్లో గొలుసు అట్లా మిగిలిన దుడ్లదేనన్న సంగతీ తట్టలేదు. కడుపు నిండినవాళ్లకు ఇట్లాంటివి తొందరగా తట్టవు.

త్రివేణిది కణేకల్. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే, అన్న తిప్పన్నే సాకి సంతరించి పెళ్లి చేశాడు. ఊళ్లో కాలువ పారుతున్నా సెంటు చేను లేనివాడికి ఆ నీళ్లతో పనేముంది? బోరు లారీ వెంట దేశాలు పట్టుకుపోయాడు. ఎక్కడెక్కడి రైతులకో నీళ్లు తోడిపెట్టి, తాను మాత్రం రాతిదుమ్మును గుండెల నిండా నింపుకున్నాడు. ఇప్పుడు జైపూర్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద గొట్టంతో గాలి పీలుస్తున్నాడు. గొట్టం తీస్తే ఊరు దాకా రాడని డాక్టర్లు తేల్చేశారు.

ఆ సోమవారం పొద్దున వదిన మారెక్క ఫోన్ చేసింది. త్రివేణి దగ్గరున్నది మీటల ఫోను. ఇంటికి ఒక పెద్ద ఫోన్ చాలుననేది కేశవ సిద్ధాంతం. అందుకని అన్న మొహం చూడాలంటే మొగుడి ఫోన్ అడిగి తీసుకోవాలి. తీసుకుంది. తెర మీద అన్న మొహం పీక్కుపోయి ఉంది. మూతి మీది గొట్టం పక్కకు జరిపి నవ్వాడు.

“ఏం పాపా, ఈసారి పంచమికి నేను రాలేకపోయినా. నువ్వు నా వీపు కడగలేదు గదా, అందుకే ఈ దుమ్ము పోలేదు. నువ్వే వచ్చి ఒక చెంబు పాలు పోసి పో.”

కణేకల్ వైపు శ్రావణంలో నాగులపంచమి నాడు ఆడబిడ్డలు పుట్టకు పాలు పోసి వచ్చి, మిగిలిన పాలలో గరిక ముంచి తోడబుట్టినవాడి వీపు కడుగుతారు. ఏ రాష్ట్రంలో బోరు వేస్తున్నా తిప్పన్న ఆ ఒక్కరోజుకు చెల్లెలి ముందు చొక్కా విప్పి కూర్చునేవాడు. చల్లటి పాలు పడగానే చిన్నపిల్లాడిలా మెలికలు తిరిగేవాడు.

మారెక్క ఫోన్ తీసుకుని గొంతు తగ్గించింది. “రెండు మూడు దినాలంటాండారు పాపా. బిన్నా రా, ఆలిశ్యం చెయ్యొద్దు.”

కేశవ పోవద్దనలేదు. ఆ మాట అనుంటే త్రివేణి ఏడ్చి, తిట్టి, ఆ పూటే ఏ రైలో పట్టుకుని పోయుండేది. ఆయన అనలేదు. అక్కడే చెడింది.

“బావకు అంత బాగలేకుంటే పోకుండా ఎట్లా? విమానానికే పో,” అన్నాడు దర్జాగా. త్రివేణికి కళ్లనీళ్లు తిరిగాయి. మొగుడు మంచివాడేనని ఆ నిమిషం నిజంగా నమ్మింది.

మంగళవారం విమానం ధర మండిపోతోందని బుధవారం పొద్దుటిది తీశాడు. ఒక్కరోజులో ఏం మునిగిపోతుందన్నాడు. పైన ఇంకో మూడు వందలు కట్టి, గడువులోపు రద్దు చేస్తే పూర్తి సొమ్ము వాపసిచ్చే హామీ కూడా కొన్నాడు. వాపసు ఇవ్వలేని సరుకు ఆయన జన్మలో కొని ఎరుగడు.

టికెట్ కొన్నవాడు ఇంక దాని జోలికి పోడు. కేశవ అట్లాంటివాడా? ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ తెరిచి అదే విమానం ధర చూశాడు. చూసి కుర్చీలోంచి లేచాడు.

“రేటు పడింది త్రివేణీ! రెండు వేలు పడింది!”

బ్యాగులో చీరలు సర్దుకుంటున్న త్రివేణి, “అట్లయితే ముందు ఆ తక్కువది తీసుకో. అది చేతికొచ్చినాక దీన్ని వాపసు చెయ్,” అంది.

కేశవ జాలిగా చూశాడు. “ఇన్నేండ్లు అంగట్లో కూచుని నువ్వు నేర్చింది ఇదేనా? ఒకే సరుక్కి రెండుసార్లు దుడ్లు కడతారా యాడన్నా? ముందు వాని సరుకు వాని మొగాన కొట్టల్ల. అప్పుడు వాడే దిగొస్తాడు.”

ఆమె చెయ్యి చాచేలోపే రద్దు మీట నొక్కేశాడు. సొమ్ము వాపసు వస్తుందని రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది.

“సరే, ఇప్పుడన్నా ఆ తక్కువది తీసుకోప్పా.”

“ఉండు. రోంత టైమియ్యల్ల. సీటు వాని చేతిలో మిగిలిపోయినాది. ఎల్లుండే విమానం. అమ్ముడుపోకుంటే వానికే నష్టం. తెల్లారేసరికి ఇంకో వెయ్యి తగ్గుతాడు సూడు.”

విమానం సీటు ఓబిలేష్ చీరలాంటిదేనని ఆయన లెక్క. అది చంకనెక్కి బజారంతా తిరిగి మళ్లీ తన గడపకే రావాలి. కానీ ఆ సీటుకు ఇంకో అంగడివాడు ముట్టకూడదనే కట్టు లేదు. ఎవడో ముట్టాడు. మంగళవారం పొద్దున్నే చూస్తే బుధవారం విమానంలో కాలు పెట్టే సందు లేదు.

“మధ్యలో ఢిల్లీలో దిగి ఎక్కేది ఒకటుండాది. అయితే ఇరవై వేలు దాటింది,” అన్నాడు కేశవ, ఆ అంకె పలకడానికే నోరు నొప్పి పుట్టినట్టు.

త్రివేణి మెళ్లో గొలుసు తీసి ఆయన ముందు పెట్టింది. “కుదువ పెట్టి దానికే కట్టు.”

కేశవ నవ్వేశాడు. “బంగారం రేటు ఎగుస్తాంటే కుదువ పెడతారా ఎవరన్నా? ఎత్తిపెట్టుకో.”

“రైలుకన్నా పోతా.”

“రైలుకు పోయేసరికి శుక్రవారమైతాది. గురువారం సాయంత్రం విమానం ఉండాది గదా. అదే ముందు.” లెక్కలో ఆయన ఎన్నడూ తప్పడు. గురువారం టికెట్ తీశాడు. తాను కోరుకున్న తక్కువ రేటుకే దొరికింది, వాపసు హామీతో సహా. “చూసినావా? నేను చెప్పలే?” అని ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు. త్రివేణికి ముద్ద దిగలేదు. అన్నం ముందు కూర్చుని, కట్టుకున్నవాణ్ణి మొదటిసారి తేరిపార చూసింది. ఇన్నేళ్లుగా నేతగాళ్లు చూస్తున్నది ఈ మొహాన్నే గదా అనిపించింది.

బుధవారం మారెక్క మళ్లీ ఫోన్ చేసింది. తిప్పన్న కళ్లు తెరిచి, “యాడికొచ్చింది పాప?” అన్నాడు.

“రేపు బయలుదేరతాదంట,” అంది మారెక్క.

“రేపా?” అని కాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత మూతి ఒక పక్కకు తిప్పి నవ్వబోయాడు. “రేపటికి పాలు ఇరిగిపోతాయేమో పాపా.”

“ఇరగవన్నా. ఫ్రిజ్‌లో పెట్టుకోనొస్తా,” అంది త్రివేణి. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. అదే వాళ్లు చివరిసారి నవ్వుకోవడం.

గురువారం తెల్లారి ఆమె పుట్టమన్ను ఒక గుడ్డలో మూట కట్టింది. ఎండిన గరికపోచలు దాని పక్కన పెట్టింది. బ్యాగు జిప్పు లాగుతుండగా ఫోన్ మోగింది. మారెక్క ఏడవలేదు. “మీయన్న పోయినాడు,” అని మాత్రం అంది.

త్రివేణి ఆ బ్యాగును ఒళ్లోకి లాక్కుని నేల మీదే కూర్చుంది. పక్క గదిలోంచి కేశవ వచ్చి, సంగతి విని, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. అయ్యో అన్నాడు. తర్వాత ఫోన్ తీసి టికెట్ షరతులు చదవడం మొదలుపెట్టాడు.

అక్కడ తిప్పన్నకు మారెక్క కాక, తనతో బోరు లారీ మీద పనిచేసే నలుగురు తప్ప నా అనేవాళ్లు లేరు. వాళ్లు మళ్లీ పనిలోకి పోవాలి. మధ్యాహ్నానికి దహనం చేసేద్దామన్నారు. చెల్లెలు సాయంత్రం విమానమెక్కితే రాత్రికి గదా చేరేది? ఎవరూ ఆగలేకపోయారు. పదకొండున్నరకు మారెక్క కేశవ ఫోన్‌కు వీడియో కాల్ చేసింది.

ఆసుపత్రి వెనక ఒక కొళాయి దగ్గర తిప్పన్నను కూర్చోబెట్టి, ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. ఇంకొకడు నీళ్లు పోస్తున్నాడు. త్రివేణి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఎముకలు తేలిన ఆ వీపు చూడగానే ఆమెకు ఏడుపాగలేదు.

“వదినా, ఒక పాల ప్యాకెట్ తెప్పించు. నా పేరు చెప్పి నువ్వన్నా మా యన్న వీపు మీద పొయ్యి. నేను ఈడ్నుంచే చూస్తా.”

మారెక్క ఎవరినో పంపింది. నీళ్లు పోసేవాడు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. పీనుగును పట్టుకున్నవాళ్లు కాళ్లు మార్చుకున్నారు. త్రివేణి ఇక్కడ మూట విప్పి, పుట్టమన్ను ఒళ్లో పెట్టుకుని, గరికపోచ చేతబట్టుకుంది. పాలు వచ్చాయి. మారెక్క ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టి, ప్యాకెట్ కొసను పంటితో చింపింది.

“ఫోన్ ఈయ్,” అన్నాడు కేశవ.

ఆమెకు వినబడలేదు. ఆయన వంగి ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

“పన్నెండు దాటితే సగమే వాపసిస్తారంట. ఓటీపీ దీనికే రావల్ల. రెండు నిమిషాలు.”

“ఒక్క నిమిషం! ఇప్పుడే పోస్తాండాది! నీ కాళ్లు మొక్కుతా, ఒక్క నిమిషమప్పా!” త్రివేణి లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి విదిలించుకుని, గోడ వైపు తిరిగి అంకెలు నొక్కాడు. సరిగ్గా నొక్కడం కోసం పెదవులతో చదువుకుంటూ నొక్కాడు. ఫోన్ చిన్నగా మోగింది.

“వచ్చేసింది. ఒక్క పైసా పోలేదు,” అన్నాడు ఊపిరి వదిలి. “ఇంద, మాట్లాడుకో.”

త్రివేణి మళ్లీ కలిపింది. మారెక్క మొహం కనబడింది. వెనక తెల్లగుడ్డ చుట్టేసి తాళ్లు కడుతున్నారు.

“పోసినా పాపా,” అంది మారెక్క. ఇప్పుడు ఏడుస్తోంది. “నీ పేరు చెప్పే పోసినా. మధ్యలో తెర నల్లగైపోయింది గానీ, నువ్వు చూస్తాండావనే అనుకుంటి. చూసినావు గదా?”

“చూసినా వదినా,” అంది త్రివేణి.

ఒళ్లోంచి రాలిన పుట్టమన్ను నేలంతా పడింది. కేశవ దాన్ని తొక్కకుండా పక్కగా నడిచి అంగడి తెరవడానికి పోయాడు. గడప దగ్గర ఆగి, మారెక్క ఎట్లాగూ అస్థికలు తీసుకుని ఊరికొస్తుంది గదా, అప్పుడు చూడొచ్చులే అని ధైర్యం చెప్పాడు.

మైల తీరాక త్రివేణి మళ్లీ అంగట్లో తన చోట కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది? ఓబిలేష్ తన దుడ్ల కోసం వచ్చాడు. ముందు ఆమె దగ్గరికి పోయి, “తిప్పన్న పోయినాడంటనే అక్కా, తెలిసి శానా బాధైంది,” అన్నాడు. తర్వాత కేశవ ముందు నిలబడ్డాడు.

కేశవ చీర తీసి గడప మీద పెట్టాడు. “రేటు పడింది ఓబిలేషూ. తగ్గించుకుంటావా, తీసకపోతావా?”

“ముందే మాటయింది గదన్నా. ఇచ్చిన సరుక్కి మళ్లీ రేటేందన్నా?”

“ఏమప్పా, అంత పెద్ద విమానం కంపెనీనే నోరెత్తకుండా పూర్తిగా వాపసిచ్చింది నాకు. నువ్వెంత?” కేశవ ఫోన్ తీసి ఆ మెసేజ్ కూడా చూపించాడు.

ఓబిలేష్ అలవాటు ప్రకారం త్రివేణి వైపు చూశాడు. ఆమె మడత ఆపి, ఈసారి తలెత్తి వాడి కళ్లల్లోకి చూసింది.

“ఇచ్చెయ్ లే ఓబిలేషూ. మా యన్న పీనుగు మీద పాలు పోస్తాంటే నా చేతిలోంచి ఫోన్ పీక్కున్యాడు ఆయప్ప. నిన్ను వదుల్తాడా?”

ఓబిలేష్ తల దించుకున్నాడు. కేశవ మాత్రం తృప్తిగా కాలు మీద కాలేసుకున్నాడు.

“విన్నావు గదా?” అన్నాడు. “నా పెండ్లామే చెప్తాండాది.”