మా ఇల్లు

ఉచిత న్యాయ సహాయ కార్యాలయానికి ఒకప్పుడు మూడు గదులుండేవి. ఈ ఏడాది నిధులు కోసేశాక ఒక్క గది మిగిలింది. ముగ్గురు వకీళ్ళలో ఒకమ్మాయి మిగిలింది. గుమాస్తా మొదటినుంచీ ఒక్కడే. "నన్ను సగానికి కోయడం వాళ్ళకి చేతకాలేదు" అని వచ్చినవాళ్ళని నవ్వించేవాడు.

గదులతో పాటు దరఖాస్తు కూడా చిక్కిపోయింది. సొంత ఇల్లా, అద్దె ఇల్లా అని పాత ఫారంలో రెండు గడులుండేవి. కొత్తదాంట్లో 'నివాసం' అని ఒక్క గీతే. అడిగినవాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే రాయాలని పై ఆఫీసు ఉత్తర్వు.

సోమవారం కుట్టుపని చేసే ఆవిడ కోర్టు కాగితం పట్టుకుని వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటున్న రెండు గదులు ఖాళీ చెయ్యమని యజమాని దావా వేశాడు. రెండు వాయిదాలు అయిపోయాయి. గురువారం ఆఖరుది.

"వకీలు నిలబడితే ఆర్నెల్లు గడువైనా దొరుకుతుందమ్మా" అన్నాడు గుమాస్తా. "ఇంట్లో ఎవరెవరు?"

"నేనూ, మా అమ్మ. కాళ్ళు పడిపోయి మూడేళ్ళయింది అన్నయ్యా. నోరు మాత్రం పరుగెడుతుంది."

"ఎక్కడుంటారు?"

"బట్టల బజారు వెనకాల. మేడ మీద మా ఇల్లు."

చెప్పింది చెప్పినట్టే రాసి, కోర్టు కాగితం నకలు గుచ్చి పై ఆఫీసుకి పంపించాడు.

బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. 'దరఖాస్తుదారుకు సొంత ఇల్లు ఉన్నందున ఉచిత సహాయానికి అర్హత లేదు.' గుమాస్తా వెంటనే పై ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"మా ఇల్లు అని మీరే కదా రాశారు" అంది అవతలి గొంతు.

"వెనకాల కోర్టు కాగితం ఉంది కదండీ."

"జతపరిచినవి చదివే మనిషిని తీసేశారు. మేం మొదటి పేజీయే చూస్తాం."

"మీది సొంతిల్లా బాబూ?"

"అద్దెదే."

"పొద్దుపోయాక ఎక్కడికెళ్తానంటారు? మా ఇంటికనా, ఓనరుగారింటికనా?"

అవతలి గొంతు మెత్తబడింది. "మీరన్నది నిజమే మాస్టారూ. సవరణ ఫారం పంపండి. పది పనిదినాలు పడుతుంది."

వకీలమ్మాయి బల్ల మీద ఫైళ్ళు గడ్డం దాకా పేరుకుని ఉన్నాయి. "మంజూరు నంబరు లేకుండా నిలబడితే నన్ను జాబితాలోంచి తీసేస్తారు అంకుల్. ఈ నలభై మందీ ఏమైపోతారు?" అంది. అన్నాక తలెత్తలేదు. ఒక కాగితం చింపి, కోర్టులో గడువు ఎలా అడగాలో నాలుగు ముక్కలు రాసిచ్చింది.

గుమాస్తా ఆ కాగితం తీసుకుని స్వయంగా కుట్టుషాపుకి వెళ్ళాడు. తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా చెప్పాడు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి విన్నది.

"అన్నది నేనేగా. మీరు రాశారంతే" అంది. తన స్టూలు ఆయనకి జరిపింది.

గురువారం కోర్టులో ఆవిడ ఒక్కతే నిలబడింది. గుమాస్తా వెనక బల్ల మీద కూర్చున్నాడు.

"వకీలు లేరా? ఉచిత సహాయం అడగలేదా?" అన్నారు జడ్జిగారు. మెత్తగానే అడిగారు.

"అడిగానండి. కుదరదన్నారు."

"ఎందుకు?"

వకీలమ్మాయి రాసిచ్చిన కాగితంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఆవిడకి అబద్ధం చేతకాదు.

"నాకు సొంతిల్లుందని."

ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని తరఫు వకీలు లేచాడు. "ప్రభుత్వ కార్యాలయమే సొంతిల్లుందని తేల్చాక, మా గదులు వదలడానికి ఆవిడకి ఇబ్బందేమిటండీ?"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "ఆ తప్పు మాదండీ. నేను రాసిన మాట వల్ల..."

"మీరు వకీలా?"

"కాదండి. గుమాస్తాని."

"కూర్చోండి." జడ్జిగారు ఆ తిరస్కరణ కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పొరపాటైతే సరిచేయించి తెండి, చూస్తాను. నా ముందున్నది మాత్రం ఇదే. ఎనిమిది రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

వరండాలో ఆవిడే ముందు మాట్లాడింది.

"షాపు ఓనరు వెనక గదిలో నెల్లాళ్ళు ఉండమన్నాడు. సామానుకి పరవాలేదు. అమ్మని మెట్లు దింపడమే... ఒక చెయ్యి వేస్తారా అన్నయ్యా?"

ఎనిమిదో రోజు ఉదయం వెళ్ళాడు. సవరణ ఇంకా రాలేదు. ముసలావిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టారు. ముందు కూతురు, వెనక గుమాస్తా. పంతొమ్మిది మెట్లు. మలుపు దగ్గర కుర్చీ కాలు గోడకి తగులుకుంది.

"నిదానం నాయనా. నేను పడితే నీకు ఇంకో కేసు" అంది ముసలావిడ.

గుమాస్తా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వీధిలో కుర్చీ దింపారు. పైన యజమాని మనిషి అప్పుడే కొత్త తాళం బిగిస్తున్నాడు. మూడేళ్ళుగా వీధి ముఖం చూడని ముసలావిడ కళ్ళు చికిలించి, రెండు చేతులూ ఒళ్ళో చాచి పెట్టింది.

"కాసేపు ఇక్కడే ఉంచండ్రా. ఎండ బాగుంది."

ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు.