యంత్రానికి పెట్టిన బొట్టు

గంధపు చెక్కను సాన మీద అరగదీసి, వచ్చిన కాస్త ముద్దనూ ఉంగరపు వేలితో తీసి, కృష్ణమ్మాళ్ మొదట దీపపు సెమ్మెకు పెట్టింది. తరువాత గ్యాసు పొయ్యికి, ఆ తరువాత బీరువాకు. ప్రతి శుక్రవారం ఉండే వరసే. ఈ వారం ఆ వరసలో ఇంకొకటి చేరింది. పీట మీద పెట్టిన లాప్‌టాప్ మూత తెరిచి, పై అంచున సరిగ్గా నడుమ, మనిషికైతే నుదురు ఉండే చోట, గంధం దట్టంగా అద్ది దాని మీద కుంకుమ ఒత్తింది. ఆఫీసులో పాత కంప్యూటరుకు ఏళ్ళ తరబడి పెడుతున్నదీ అక్కడే. ఆ చోటు వెతుక్కోవడానికి ఆమె చేతికి కళ్ళు అక్కర్లేదు.

మంచం మీద నుంచి అత్త నాగమ్మాళ్ ఇదంతా చూస్తోంది. ఆమె కన్ను పడకుండా ఆ ఇంట్లో చీమ కూడా గడప దాటదు.

"ఇంకా కొననే లేదు. ఊరోళ్ళ సొత్తుకు బొట్టు యాల?"

"ఒగ దినమైనా మన కాడ పని చేసేదే గదా అత్తా. బోడిగా ఎట్ల ఎత్తుకుపొయ్యేది?"

ఆ మాట అని తనే ఒక క్షణం ఆగింది. భర్త పాలసామి పోయిన నాడు ఊరి ఆడవాళ్ళు ఆమె నుదురు తుడిచారు. అప్పటి నుంచి తన నుదుటికి లేనిదాన్ని ఇంట్లో ప్రతి ఇనుప ముక్కకూ పెడుతూ వచ్చింది. ఎవరైనా అడిగితే అలవాటు అంటుంది.

కృష్ణమ్మాళ్‌కు యాభై దాటాయి. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. చిన్నప్పుడు నల్లరేగడి చేలో పత్తి ఏరిన వేళ్ళు మొద్దుగానే ఉన్నా అంకెల మీద మాత్రం పరుగెడతాయి. కుడి మోకాలు ఎప్పుడూ కాస్త వాచి ఉంటుంది. తమిళనాడులోని విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోదాములో బిల్లులు కొట్టే పని ఆమెది. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సు. పోయిన నెల డాక్టరు ఆ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, బస్సు మెట్లెక్కడం మానకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు.

పని మానేస్తానని చెప్పడానికే ఆమె యజమాని కుమారవేల్ దగ్గరికి వెళ్ళింది. అతను తల గోక్కుని, ఇంట్లోనే కూర్చుని చేసే దారి ఉందేమో చూద్దామన్నాడు. మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని లాప్‌టాప్, చిన్న వ్యాపారాలకు సరిపోయేది ఒకటి, కోవిల్‌పట్టిలో కన్నన్ కొట్లో ఉంది. ఒక రోజు వాడి చూసుకోమని కన్నన్ ఇస్తానన్నాడు. బాగుంటే కొందాం, ఆమె ఇంటి నుంచే చేసుకోవచ్చు. బాగోలేకపోతే విరుదునగర్‌లోనే ఇంకెవరినైనా పెట్టుకోక తప్పదు. ఈ చివరి మాట కుమారవేల్ మెత్తగానే చెప్పాడు. మెత్తటి మాటే ఎక్కువ లోపలికి దిగుతుంది. అత్తాకోడళ్ళ ఇల్లు గడిచేది ఆ జీతంతోనే.

ఆమె తండ్రి ఎద్దును కొనేముందు పళ్ళు చూసి ఊరుకునేవాడు కాదు. దున్నిన నేలలో ఒక సాలు తోలించి చూసేవాడు. కృష్ణమ్మాళ్ కూడా అదే పద్ధతి పెట్టుకుంది. లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. మెట్టు దగ్గర మోకాలు కలుక్కుమంది గాని అది సంచి బరువుకు కాదు. సాత్తూరులో బస్సు ఆగితే ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి, నిండు ఎండలో అక్షరాలు కనిపిస్తాయా అని చూసింది. తల కొంచెం వంచితే కనిపించాయి. కిటికీ అవతల దోసకాయలమ్మే ఆమె బుట్ట ఎత్తి పట్టుకుని, ఏ సినిమా చూస్తున్నావమ్మా అని తమిళంలో ఎకసెక్కెమాడింది.

గోదాములో అడుగు పెట్టగానే అలవాటు ప్రకారం తుమ్మింది. లోపలి గదిలో గోడవార బల్ల మీద లావుపాటి పాత మానిటరు ఉంది. దాని నుదుట గంధం మీద గంధం పడి, గట్టిపడి, చిన్న పెంకులా ఉబ్బింది. నిజానికి ఆ గోదాములో బొట్టు లేని వస్తువే లేదు. కాటాకు ఉంది, ప్రింటరుకు ఉంది, ఫ్యూజు పెట్టెకు ఉంది, కుమారవేల్ మోటారు సైకిలు లైటుకూ ఉంది. బొట్టు లేకపోతేనే అక్కడ కంటికి ఆనుతుంది.

పొద్దున్నంతా ఆమె లాప్‌టాప్‌ను సాలు తోలించింది. అంకెల మీటలు కుడివైపున విడిగా ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టి, చూడకుండా ఒక బిల్లు కొడితే ఒక్క తప్పూ రాలేదు. పాత ప్రింటరుకు తగిలిస్తే కాస్త మొండికేసి, తరువాత కాగితం కక్కింది. మెయిన్ ఆపు చేయించి, కరెంటు లేకుండా భోజనాల వేళ దాకా పని చేసింది. మిరపఘాటుకు తను దగ్గింది గాని యంత్రం దగ్గలేదు. అడుగున చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది, జ్వరమైతే లేదు. ఇక గట్టెక్కినట్టే అనుకుంది. ఏదైనా పూర్తికాక ముందే అలా అనుకోవడం ఆమెకు ఏనాడూ అచ్చిరాలేదు.

మిగిలింది వీడియో కాల్ ఒక్కటే. దూరపు వ్యాపారులు ఇప్పుడు సరుకు రంగును ఫోనులోనే చూసి ధర తేల్చుకుంటారు. ఆ బేరంలో కృష్ణమ్మాళ్ ముఖం కూడా ఉండాలి. అక్క తల ఊపితేనే కొందరు సరేనంటారు. అందుకని ఆమె ఇంట్లో కూర్చున్నా ముఖం కనిపించి తీరాలని కుమారవేల్ ముందే చెప్పాడు.

అతను ఫోను పట్టుకుని బస్తాల మధ్యకు వెళ్ళాడు. ఆమె లోపలి గదిలో కొంగు సర్దుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. కోయంబత్తూరు వ్యాపారి కూడా కలిశాడు. మాట స్పష్టంగా వినిపించింది. తెర మీద కుమారవేల్ కనిపించాడు, ఎర్రటి కాయల కుప్ప కనిపించింది, వ్యాపారి బట్టతల సైతం కనిపించింది. కృష్ణమ్మాళ్ ఉండవలసిన గడిలో మాత్రం పసుపూ ఎరుపూ కలిసిన మసక. మీ అక్కను మిరప్పొడిలో ముంచారా అని వ్యాపారి తమిళంలో నవ్వాడు.

ఫోను పెట్టేసి కుమారవేల్ లోపలికి వచ్చాడు. ఆమెదిలాగే అతనిదీ తెలుగిల్లే. పరాయివాళ్ళ ముందు తమిళం, ఇద్దరే ఉంటే ఇంటి మాట.

"కెమెరా సరిలేదక్కా. పసుపు నీళ్ళ మాదిరి ఉండాది."

"కొట్లో బాగుండె తంబీ. నా మొగం నేనే చూస్తిని."

"నిన్న బాగుండి ఈదినం లేకుంటే ఇంకా చేటు గదా. వాళ్ళది వాళ్ళకు ఇచ్చేయి."

అయినా వంగి తెరను చూశాడు. మీటలు నొక్కాడు, ఆపి మళ్ళీ వేశాడు, కెమెరా ఒక్కటే తెరిచి చూశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి నెట్‌ను కూడా తిట్టాడు. బొట్టు అతని ముక్కుకు జానెడు దూరంలో ఉంది. అన్నిటికీ ఉన్నట్టే దీనికీ ఉందని అతని చూపు దాన్ని దాటుకుని పోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అతను బయటికి వెళ్ళాక కృష్ణమ్మాళ్ ఒక్కతే మిగిలింది. బస్సు మెట్లు కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ మెట్లు కూడా లేని రోజులు, జీతం రాని రోజులు, వాటి వెనకే వచ్చాయి. ఏడుపొచ్చింది. మిరపకాయల గోదాములో కళ్ళు తుడుచుకుంటే ఎందుకని ఎవరూ అడగరు, అదొక్కటే మేలు.

తిరిగి ఇవ్వాలంటే బొట్టు తుడవాలి. అంత గంధంతో ఇస్తే కన్నన్ దగ్గర మాట వస్తుంది. కొంగు చివర తడుపుకుని చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ తుడుపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తడిగుడ్డ నుదుటి మీదుగా ఒక్కసారి పోతుంది, తరువాత అద్దంలో వేరే మనిషి ఉంటుంది. తన చేత్తో అది దేనికీ చేయలేననుకుంది, ప్రాణం లేనిదైనా సరే.

కాసేపు ఆలోచించి, గోడకున్న పెద్ద యజమాని, అంటే కుమారవేల్ తండ్రి, పటం దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది. అక్కడి గిన్నెలోంచి చిటికెడు కుంకుమ తెచ్చి, లాప్‌టాప్ కింది అంచున, మీటల పక్కన, కనీకనపడనట్టు ఒక చుక్క పెట్టింది. ఇప్పుడిది బోడిది కాదు. ఆ ధైర్యంతో పైనున్న బొట్టును తుడిచింది.

కుమారవేల్ తెరిచిన కెమెరా ఇంకా తెరిచే ఉంది. మొదటి తుడుపుకు తెర మీది మసక కదిలింది. ఇంకొంచెం రుద్దితే ఒక చెవి కనిపించింది, చెవి కమ్మ మెరిసింది. కొంగు పక్కకు తీసేసరికి కళ్ళజోడు, ఎర్రబడిన కళ్ళు, ఖాళీ నుదురు ఉన్న ఒక ఆడమనిషి అక్కడి నుంచి ఆమెనే చూస్తోంది.

"తంబీ," అని పిలిచింది. "తంబీ, ఇట్ల రా."

కుమారవేల్ వచ్చి తెరను చూశాడు, ఆమె కొంగుకు అంటిన గంధాన్ని చూశాడు, మళ్ళీ తెరను చూశాడు.

"యాడ పెట్టినావక్కా బొట్టు?"

"నుదుట్నే పెడితి. కన్ను ఆడుండాదని నాకేం తెలుసు?"

అతను బస్తా మీద కూలబడి నవ్వాడు. ఆమె మోకాలు పట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే మళ్ళీ కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఈసారి వాటిని తుడుచుకోలేదు. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. కోయంబత్తూరు వ్యాపారికి మళ్ళీ కాల్ చేశారు. గడిలో ఆమె తల ఊపింది, అతను సరేనన్నాడు. కుమారవేల్ ఆ వెంటనే కన్నన్‌కు ఫోను చేసి, లాప్‌టాప్ మేమే ఉంచుకుంటున్నామని చెప్పాడు.

పొద్దు వాలేలోగా పాత కంప్యూటరులోని బిల్లులన్నీ కొత్తదానిలోకి ఎక్కించుకుంది. కుర్చీ మీది దిండు, నీళ్ళ చెంబు, విడి కళ్ళజోడు సంచిలో సర్దుకుంది. మర్నాటి నుంచి ఆమె రానక్కర్లేదు. ఇన్నేళ్ళు వచ్చిన చోటు నుంచి వెళ్ళడానికి అంతకంటే ఎక్కువ సామాను లేకపోయింది.

"పాతదాన్ని పాత సామాన్లోళ్ళకు వేసేస్తానక్కా," అన్నాడు కుమారవేల్.

"వేసెయ్యి తంబీ." గడప దగ్గర ఆగింది. "బొట్టు మాత్రం తుడవాకు."

"సరేక్కా, తుడవను."

బస్సు మెట్టెక్కేటప్పుడు మోకాలు ఎప్పటిలాగే నొప్పి పెట్టింది. ఇవాళ ఆమె దాన్ని తిట్టలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది. లాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని, సాత్తూరు వచ్చేలోపే కునుకు తీసింది.

గోదాములో కుమారవేల్ లైట్లు ఆర్పి తలుపు వేసుకుని వెళ్ళాడు. లోపలి గదిలో, దిండు తీసేసిన కుర్చీకి ఎదురుగా, పాత మానిటరు నుదుట గంధపు పెంకుతో అలాగే ఉండిపోయింది.