చేతులు ఆపకుండ్రి

"ఐదు పత్రాలే గద. కుక్కరు కూతలేసేలోపట అయిపోతయి," అన్నాడు దివాకర్, సోఫాలో కూర్చుని పేపరు మడత మారుస్తూ. కుక్కరు మూడు కూతలు వేసింది. అప్పటికి నేను రాసింది ఒక్క మాట, 'శ్రీమతి'. దాన్ని కూడా కొట్టివేయవలసి వచ్చింది. సన్మానం పొందబోయే ఆమెకు పెళ్లి కాలేదు.

కోరుట్ల బాలికల పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పాను. అంతకంటే ఎక్కువ ఏళ్లుగా సన్మాన పత్రాలు రాస్తున్నాను. బదిలీ అయిన అధికారికి, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడికి, ఒక్క కవిత రాసి ఊరంతా తిరిగిన పెద్దమనిషికి. అద్దం వేయించి, శాలువా కప్పి, పైకి చదివి చేతికిచ్చే ఆ పత్రం చివర సాంస్కృతిక సమితి అధ్యక్షుడి పేరుంటుంది. ఆ అధ్యక్షుడు నా భర్త దివాకరే. అక్షరాలు కూర్చినవారి పేరు పత్రంలో ఉండే ఆచారం లేదు. ఉండాలని నేనెప్పుడూ అడగలేదు.

ఈసారి సన్మానం ఆడవాళ్లకు. మార్చి ఎనిమిదిన, సిరిసిల్లలో, 'సినీరంగంలో మన ఆడబిడ్డలు' పేరిట. డబ్బింగు చెప్పే అమ్మాయి, దుస్తులు రూపొందించే జగిత్యాల నిఖత్, బీర్పూర్ నుంచి వెళ్లి ఎడిటరైన సింధూజ, మరో ఇద్దరు. వివరాల కోసం వాళ్లకు ఫోన్లు చేసింది నేనే. నిఖత్ నవ్వుతూ, "టీచర్, పోయిన సారి ఒక దగ్గర నన్ను మాతృమూర్తి అని రాసిన్రు. నాకు పిల్లలు లేరు. మీరు జర చూసుకోండ్రి," అంది. సింధూజ తన పని గురించి రెండు ముక్కలే చెప్పింది: "ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె. గంతే మేడం."

దివాకర్ మాత్రం ప్రతి పత్రంలోనూ ఒక వాక్యం ఉండి తీరాలన్నాడు. 'ఇంటి బాధ్యతలను ఏ లోటూ లేకుండా నిర్వర్తిస్తూనే' అని. పెళ్లి కాని వాళ్లకు ఏ ఇంటి బాధ్యత అని అడిగాను. "అయితే తల్లిదండ్రుల పేరు నిలబెట్టిన అని పెట్టు. ఇల్లు ముచ్చట లేకుంటే ఆడోళ్ల సన్మానం ఎట్లయితది," అన్నాడు. అతని మిత్రులకు నేను రాసిన పత్రాలలో ఎక్కడా ఇల్లు లేదు. వాళ్లంతా ఇల్లు లేని మనుషుల్లా సేవలు చేస్తూ, కవితలు రాస్తూ తిరిగారు. ఐదు పత్రాలు రాశాను. ఆ వాక్యం ఏ ఒక్కదానిలోనూ పెట్టలేదు. పెట్టలేదని చెప్పనూ లేదు.

కుదురుగా కూర్చోలేకపోయాను. పొయ్యి దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్లీ బల్ల దగ్గరికి. కారణం ఈ పత్రాలు కావు. వాటి పక్కనే ఉన్న నీలం అట్ట నోటుబుక్కు. అందులో పద్నాలుగు పేజీల కథ ఉంది. సన్మానానికి ముందు అదే వేదిక మీద ఒక నిర్మాత ముందు కథలు చెప్పుకునే కార్యక్రమం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. నచ్చితే సినిమా. దివాకర్ అక్కడ చెప్పబోతున్నది ఆ పద్నాలుగు పేజీలు.

ఆ కథ మా అమ్మ లచ్చవ్వది. కోరుట్లలో బీడీలు చేసేది. మా వాకిట్లో పదిమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తడి గుడ్డలో చుట్టిన తునికాకులు తీసి కత్తెరతో కోసి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టేవారు. పొద్దున మొదలైన చేతులు దీపాల వేళ దాకా ఆగేవి కావు. ఆగితే సాయంత్రానికి కార్ఖానాలో అప్పగించవలసిన కట్టలు తగ్గుతాయి. వాళ్లలో ఎవరికీ టాకీసుకు వెళ్లే తీరిక లేదు. అందువల్ల ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొత్త సినిమా వచ్చినప్పుడు ఒక్క మా అమ్మను మ్యాట్నీకి పంపేవారు. ఆ పూట ఆమె చేయవలసిన బీడీలను తలా కొన్ని పంచుకుని చేసేవారు. మర్నాడు ఆమె ఆ సినిమా చెప్పాలి. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని ఆమె ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెట్టేది: "చేతులు ఆపకుండ్రి. ఇగ ఇనుండ్రి."

వాళ్లు చేతులు ఆపకుండా వినేవారు. పాట వస్తే ఆమె పాడేది. కొట్లాట వస్తే కత్తెర ఝళిపించేది. నా పేరు కూడా అట్లా వచ్చిందే. ఒక పురాణం సినిమాలో ఊర్మిళకు రెండే మాటలుంటే, మా అమ్మ ఆమె చేత ఇరవై మాటలు చెప్పించిందట, అవీ లక్ష్మణుడి ముఖం మీదే. ఆ నెలలో నేను పుట్టాను.

నాకు పదేళ్లప్పుడు ఒకసారి నన్నూ టాకీసుకు తీసుకెళ్లింది. ఆ సినిమాలో భర్త అనుమానించిన ఆడమనిషి చివరికి నూతిలో దూకింది. మర్నాడు వాకిట్లో అమ్మ చెప్పిన సినిమాలో ఆమె దూకలేదు. బావి గట్టు మీద కూర్చుని, చెప్పులు దులుపుకుని, పుట్టింటికీ అత్తింటికీ కాని మూడో దారిన బస్సెక్కింది. ఇంట్లోకి వెళ్లాక అబద్ధం ఎందుకు చెప్పావని నిలదీశాను. అమ్మ ఆకులకు నీళ్లు చల్లుతూ, "ఆ సినిమా తీసినోళ్లు బీడీలు చెయ్యలేదు బిడ్డా. ఆమె సచ్చిందని చెప్తే రేపు ఈళ్ల చేతులు నడుస్తయా," అంది.

పద్నాలుగు పేజీలలో నేను రాసింది ఇదే. సినిమాలు చెప్పిన తల్లి, ఆమె మార్చిన ముగింపులు, వాటిని పట్టుకున్న బిడ్డ.

పెళ్లయిన కొత్తలో మా అత్త నా చేయి పట్టుకుని వాసన చూసి, "ఎంత సబ్బు పెట్టినా తంబాకు వాసన పోతలేదు," అనేది. నేను జీవితంలో బీడీ చుట్టలేదు. అమ్మ చుట్టనివ్వలేదు. దివాకర్ తన ఆఫీసులో మా అమ్మ గురించి ఎవరైనా అడిగితే 'ఇంట్లోనే ఉండేది' అని చెప్పేవాడు. ఆమె పోయినప్పుడు వచ్చిన ఇద్దరు అధికారులకు గోడ వారగా ఉన్న చాటలు కనిపించకుండా దుప్పటి కప్పించాడు. ముప్పై ఐదేళ్లు దుప్పటి కింద ఉన్న మా అమ్మ, ఇప్పుడు మన ప్రాంతపు సినిమాలకు గిరాకీ వచ్చాక, హఠాత్తుగా అతనికి అత్తగారైంది. నోటుబుక్కు చదివి, "మంచిగున్నది. మన కథ గట్టిగ నిలబడ్తది," అన్నాడు. తొమ్మిదో తరగతికి 'మా', 'మన' తేడా నేర్పిన దాన్ని నేను. 'మన'లో వినేవారికి కూడా వాటా ఉంటుంది. మా ఇంట్లో, అతని మాటల్లో, పెన్షను 'నాది', మిత్రులు 'నావాళ్లు', వేదిక 'నాది'. కథ ఒక్కటే 'మనది'.

దరఖాస్తులో 'కథకుడు' అన్నచోట అతని పేరు రాసుకున్నాడు. "నువ్వు స్టేజి మీద మాట్లాడితే పాఠం చెప్పినట్టుంటది. నేను చెప్త," అన్నాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. ఈ వాక్యాన్ని నేను మెత్తబరచను. అభ్యంతరం చెప్పలేదు. అమ్మ పేరు తెర మీదికి వస్తే చాలు, ఎవరి నోట వస్తేనేం అనుకున్నాను. అలా అనుకోవడంలో నాకు ఎంత అభ్యాసం ఉందో అప్పుడు గమనించలేదు.

అంతకు నాలుగు రోజుల ముందు నిర్మాత ఫోన్ చేశాడు. ఆయనది సముద్రం వైపు ఊరు, మర్యాదస్థుడు. స్పీకరు పెట్టి మాట్లాడాడు దివాకర్. కథాసారం బాగుందన్నాడు నిర్మాత. "లచ్చవ్వ బిడ్డ అంటే కొడుకే కదండీ? అంటే మన హీరో చిన్నతనం అన్నమాట," అన్నాడు. ఆయన వైపు బిడ్డ అంటే ఎవరైనా కావచ్చు. మా వైపు బిడ్డ అంటే కూతురు, ఇంకొకరు కాదు. ఆయన పొరపాటు పడ్డాడు, అందులో తప్పు లేదు. దివాకర్ ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత ఇంట్లో ఎప్పుడూ వాడని భాషలో, "అవునండీ, కొడుకేనండీ," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక, నేను టైపు చేసిన కథాసారంలో ఏమీ మార్చొద్దని నాకు చెప్పాడు. "బిడ్డ అనే ఉండనియ్యి. ఆళ్లకు కొడుకు అనిపిస్తది, మనోళ్లకు బిడ్డ అనిపిస్తది. ఎవలకు తక్లీబు లేదు."

"ఆ బిడ్డను నేను," అన్నాను.

"అయితే ఏంది? నువ్వు బతికే ఉన్నవ్ గద. కథల లేకుంటే ఏమయితది?"

అన్నం వడ్డించాను. అతను తిన్నాడు. పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు.

ఎనిమిదో తేదీ పొద్దున కారులో బయలుదేరాము. అద్దాలు పగలకుండా ఐదు పత్రాలూ నా ఒళ్లో ఉన్నాయి. వేములవాడ దగ్గర మొక్కులకు వచ్చిన బస్సుల వెనక అరగంట ఆగిపోయాము. దివాకర్ స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ తన ఏడు నిమిషాలు వల్లె వేసుకున్నాడు. కొడుకు పెరిగి పెద్ద దర్శకుడై తల్లిని ఇదే సిరిసిల్లలో సన్మానిస్తాడు. అదీ ముగింపు. "ఎట్లున్నది?" అని అడిగాడు. ఒళ్లో పత్రాల బరువుకు మోకాళ్లు తిమ్మిరెక్కాయి. ఒళ్లో చాటతో దీపాల వేళ దాకా కూర్చున్న మనిషికి ఎట్లా ఉండేదో, అరవై మూడేళ్లు వచ్చాక ఆ రోజు మొదటిసారి ఆలోచించాను.

ఫంక్షన్ హాలు నిండింది. వేదిక మీద నిర్మాత, ఆయన పక్కన సింధూజ. కథలు విని అభిప్రాయం చెప్పడానికి ఆమెనూ కూర్చోబెట్టారు. పొట్టి జుట్టు, చేతిలో పెన్సిలు, ముందు కథాసారాల కాగితాలు. కథలు అయిన వెంటనే సన్మానం కాబట్టి, శాలువాలు, పత్రాలు పెట్టిన పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడమని సమితి వాళ్లు నాకు చెప్పారు. నిలబడ్డాను. హాలు పక్కన నలుగురు ఆడవాళ్లు ట్రేలలో టీ అందిస్తున్నారు. ఇంకో ఇద్దరు నేల మీద కూర్చుని చిక్కుపడ్డ పూలదండలు విప్పుతున్నారు.

దివాకర్ బాగా చెప్పాడు. నేను అబద్ధం చెప్పను, చాలా బాగా చెప్పాడు. "చేతులు ఆపకుండ్రి" అన్న చోట హాలంతా నవ్వింది. నూతిలో దూకని ఆడమనిషి అతని కథలో లేదు. ఆమె స్థానంలో తల్లికి దండం పెట్టే కొడుకున్నాడు. నాలుగున్నర నిమిషాలకే ముగించాడు. చప్పట్లు మోగాయి. నిర్మాత తల ఊపాడు.

సింధూజ కాగితం మీద పెన్సిలు ఆనించింది. "సర్, ఒక డౌటు. కాయితంల అంతట బిడ్డ అని ఉన్నది. మా బీర్పూర్‌ల బిడ్డ అంటే ఆడివిల్లనే. మీరేమో కొడుకు అంటున్నరు. తల్లి సినిమా ముగింపు మారుస్తున్నదని పట్టుకున్నది ఎవలు, కొడుకా, బిడ్డా?"

నిర్మాత ఆశ్చర్యంగా దివాకర్ వైపు తిరిగాడు. ఇంట్లో కళ్లద్దాలు దొరకనప్పుడు చూసే చూపుతో దివాకర్ నా కోసం వెతికాడు. కనబడ్డాను. అతని ముఖం తేలికపడింది.

"మా ఆవిడ టైపు చేసిందమ్మా. అచ్చుతప్పు పడ్డది," అన్నాడు నవ్వుతూ. హాలు కూడా నవ్వింది, మంచి మనసుతోనే.

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను. అంతకంటే ఎక్కువ ఏళ్లు ఈ మనిషి ఉపన్యాసాలలో, ఉత్తరాలలో, పత్రాలలో తప్పులు దిద్దాను. ఇప్పుడు ఒక్క నవ్వుతో నేను, నన్ను కన్న తల్లి పిలిచిన పిలుపు, అచ్చుతప్పులమైపోయాము. నాకు కోపం రాలేదు. కోపం కంటే చల్లనిది ఏదో వచ్చి, ఇంతకాలం కుదురులేని కాళ్లను కుదుటపరచింది.

మెట్లెక్కాను. ఇంకా సన్మానం మొదలు కాలేదని ఎవరో వెనకనుంచి అన్నారు. దివాకర్ దగ్గరికి వెళ్లి శాలువాల పళ్లెం ముందుకు చాచాను. ఐదు శాలువాలు, ఐదు పత్రాలు, బరువైన పళ్లెం. రెండు చేతులతో తప్ప పట్టుకోలేడు. పట్టుకోవాలంటే మైకు వదలక తప్పదు. అలవాటు కొద్దీ నేనిచ్చినదాన్ని అందుకున్నాడు, మైకు నా చేతికొచ్చింది.

"ఏం చేస్తున్నవ్? పోయి కూసో," అన్నాడు మెల్లగా.

"మీరు పట్టుకోండి," అన్నాను.

"అచ్చుతప్పు పడలేదు సింధూజా," అన్నాను మైకులో. నా గొంతు నిజంగానే పాఠం చెప్పినట్టుంది. ఉండనీ అనుకున్నాను. "లచ్చవ్వ మా అమ్మ. పట్టుకున్నది బిడ్డ. కథ నేను రాశాను. ముగింపు అది కాదు."

సింధూజ నిర్మాత వైపు చూడలేదు. చేతి గడియారం చూసింది. "రెండున్నర నిమిషాలున్నయి మేడం," అంది. అంతే అంది. ఏది ఉంచాలో తెలిసిన మనిషి.

ఎదురుగా హాలు. పక్కన ట్రేలు పట్టుకుని నడుస్తున్న నలుగురు ఆడవాళ్లు. నేల మీద దండలు విప్పుతున్న ఇద్దరు, తలలు పైకెత్తారు కానీ వేళ్లు దారం లాగుతూనే ఉన్నాయి. మా అమ్మ మొదలుపెట్టిన మాటే నా నాలుక మీదికి వచ్చింది. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దిన దాన్ని, మొదటిసారి ఆమె వాక్యాన్ని దిద్దాను. అందులోని వ్యతిరేకార్థం ఒక్కటి తీసివేశాను.

"చేతులు ఆపుండ్రి," అన్నాను, ఆ ఆరుగురిని చూస్తూ. "ఇగ ఇనుండ్రి."